ఎడమ రెక్కలో గాలి

సీళ్ళు మార్చే రోజున షెడ్డులో టీ తాగకూడదు. అది మరదలు పెట్టిన రూలు. చేతికి బిస్కట్టు నూనె అంటితే జిగురు పట్టదని, టీ ఆవిరి తగిలినా పట్టదని ఆమె వాదన. ఆవిరి సంగతి ఆమె కల్పితమే అయినా ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని ఆ పొద్దున వదినా మరదళ్ళిద్దరూ గుమ్మం బయటే కూర్చుని టీలు ముగించి, సబ్బుతో చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు.

వదిన ఆ మైదానంలో గ్లైడరు నడపడం నేర్పుతుంది. ఇంజను లేకుండా, తాడుతో పైకి లాగి వదిలేస్తే గాలి మీద తేలుతూ తిరిగే విమానాలవి. అక్కడ అందరికీ ఆవిడ టీచరమ్మ. మరదలు ఆవిడ భర్తకి చెల్లెలు, ఆ గ్లైడర్లకే మరమ్మతులు చేస్తుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే స్కూటరు మీద వస్తారు, దారి పొడుగునా పోట్లాడుకుంటారు. స్కూటరు దిగేసరికి ఏ విషయం మీద మొదలైందో ఇద్దరికీ గుర్తుండదు.

ఆ రోజు మాత్రం దారంతా పోట్లాట లేదు. కిందటి చలికాలం టీచరమ్మకి నెమ్ము చేసింది. జ్వరం పోయింది గానీ ఊపిరి పూర్తిగా తిరిగి రాలేదు. గొట్టంలో ఊది ఎర్ర బంతిని గీత దాకా లేపి, డాక్టరమ్మ చాలనేదాకా నిలబెట్టాలి. అదీ పరీక్ష. రెండుసార్లు బంతి సగం దాకా లేచి, ఏదో గుర్తొచ్చినట్టు కిందికి దిగిపోయింది. మూడోదీ ఆఖరిదీ ఆ మధ్యాహ్నమే. ఇదీ తప్పితే ఆవిడ ఇక గ్లైడరు నడపడం ఉండదు.

"లేవకపోతే ఏం చేస్తానే?" అంది టీచరమ్మ, రెక్క మీది దుప్పటి తీస్తూ.

"డాక్టరమ్మ అటు తిరిగినప్పుడు నేను ఊదేస్తాలే."

"నీ ఊపిరంతా నన్ను తిట్టడానికే చాలడం లేదు కదే."

"అందుకే నీ కోసం కొంచెం దాచి పెట్టుకున్నా."

నవ్వబోయి టీచరమ్మ దగ్గింది. మరదలు ఏమీ విననట్టు హెయిర్ డ్రయ్యరు ప్లగ్గు పెట్టింది.

గ్లైడరు రెక్క వెనక అంచున కిందికీ పైకీ కదిలే పలక ఒకటుంటుంది. ఏలరాన్ అంటారు. అది కదలాలంటే రెక్కకీ దానికీ మధ్య సన్నటి సందు ఉండక తప్పదు. ఉంటే అందులోంచి గాలి కింది నుంచి పైకి కారిపోతుంది. కారిన మేరకి గ్లైడరు ఎత్తు కోల్పోతుంది. అందుకే ఆ సందు మీద వంపు తిరిగిన ప్లాస్టిక్ పట్టీ వేస్తారు. దాన్నే సీలు అంటారు. ముందు అంచుని రెక్కకి అంటించి, వెనక అంచుని వదిలేస్తారు. ఆ వదిలిన అంచు ఏలరాన్ ఎటు కదిలినా దాన్నే ఒరుసుకుంటూ ఉండాలి. రెండు సీట్ల గ్లైడరు పట్టీలు బాగా పాతబడి, ఎడమ రెక్క వైపు లేచిపోయాయి. లేచిన చోట గాలి కాపురం పెట్టింది.

పాతబడిన ప్రతి గ్లైడర్లోనూ ఒక గాలి చేరుతుంది. సీళ్ళు మార్చేముందు దానికి వేరే ఇల్లు చూపించాలి. తెల్ల గ్లైడరు గాలి ఇప్పుడు ఆఫీసు తాళంకప్పలో ఉంటూ, తాళం వేసినప్పుడల్లా నిట్టూరుస్తుంది. నీలం చారల గ్లైడరు గాలి స్నానాలగది కుళాయిలో చేరింది. నీళ్ళు వచ్చినా రాకపోయినా ఆ కుళాయి పాడుతూనే ఉంటుంది. ఈ రెండు సీట్లదాని గాలి మాత్రం టీచరమ్మకి పాత సహోద్యోగి. దాని ఈల హెచ్చుతగ్గులని బట్టే ఆవిడ వేగం చెప్పేసేది. మీటరు వైపు కన్నెత్తి చూసేది కాదు.

మరదలు పాత పట్టీని డ్రయ్యరుతో వెచ్చబెట్టి, కొస లేపి, వెనక్కి మడిచి రెక్క మీద పడుకోబెట్టినట్టుగా లాగసాగింది. అలా నిదానంగా లాగితే జిగురు దానంతటదే వదులుతుంది. గబుక్కున లాగితే రంగుతో సహా లేచొస్తుంది. సగం ఊడేసరికి గాలి బయటికొచ్చింది. టీచరమ్మ కొంగు లేపి, మరదలి జడ కొస లాగి, షెడ్డంతా ఒక చుట్టు చుట్టింది.

"వచ్చింది! వచ్చింది! సీసా ఏదీ?" అని మరదలు కేక పెట్టింది.

సీసా పెట్టారు. గాలి అందులోకి దూరి, అద్దె ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళలా ఒకసారి తిరిగి చూసి బయటికొచ్చేసింది. ఇనుప గొట్టం చూపించారు, వద్దంది. ఫుట్‌బాల్ చూపించారు, మూతి దగ్గరికి కూడా పోలేదు. కబురు తెలిసి మైదానంలో ఉన్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. ఎవరి చేతిలో చూసినా ఏదో ఒక బోలు వస్తువే. ఒకామె ఫ్లాస్కు తెచ్చింది, ఇంకొకాయన తన మోటారుసైకిలు హారను ఊడదీసి తెచ్చాడు. సంతలా ఉంది షెడ్డు. కింద నుంచి వించ్ యంత్రం నడిపి గ్లైడర్లని తాడుతో లాగే పెద్దాయన్ని అందరూ తాడు బాబాయి అంటారు. ఆయన సైకిలు పంపు పట్టుకుని రొప్పుకుంటూ వచ్చాడు.

"దీనికి పంపు కంటే మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుందమ్మా? గాలికి పుట్టిల్లు లాంటిది!"

పంపు మూతి రెక్క దగ్గర పెట్టి పిడి పైకి లాగాడు. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. కొంగు కదల్లేదు, జడ కదల్లేదు.

"చేరింది! పంపు బరువెక్కింది చూడండి!" అని తాడు బాబాయి గెంతినంత పని చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పంపుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఊరేగింపుగా బయటికి నడిచాడు.

ఆ సంబరంలో, సందు దగ్గర చెవి పెట్టి విందామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. మరదలికి కూడా.

ఇక ఆమె చేతులు ఆగలేదు. పాత జిగురుని కరిగించే మందు అద్దిన గుడ్డతో తుడిచి, గోటితో గీసి చూసి, మళ్ళీ తుడిచింది. పట్టీ ఎక్కడ మొదలవ్వాలో అక్కడ కాగితం టేపుతో సూటిగా గీతలా అంటించింది. పట్టీ ఒరుసుకునే చోట ఏలరాన్ మీద నున్నటి టేపు వేసింది. కొత్త పట్టీకి రెండువైపులా అంటుకునే టేపు పెట్టి, పైకాగితాన్ని టీచరమ్మ కొద్దికొద్దిగా లాగుతుంటే వెనకే బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చింది. కుడి రెక్క అయింది. ఎడమ రెక్క కూడా కొస దాకా వచ్చింది. పట్టీ అద్దంలా పడుకుంది.

"చూశావా వదినా, దిష్టి తగిలేలా ఉంది!"

అనడమే తడవు, పట్టీ కింద చిన్న బుడగ లేచింది. లేచి, దుప్పటి కింద ఎలక పరిగెత్తినట్టు రెక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెత్తింది. వెళ్ళిన దారంతా పట్టీ లేచిపోయింది.

"వెళ్ళలేదే ఇది! లోపలే ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది!"

మరదలికి తల ప్రాణం తోకకొచ్చింది. గాలిని లోపల పెట్టి అంటిస్తే ఎంత ప్రమాదమో ఆమెకి తెలుసు. పైకి వెళ్ళాక పట్టీ అంచు లేచి సందులోకి మడత పడితే ఏలరాన్ బిగుసుకుపోతుంది. అప్పుడు నడిపేవాళ్ళ చేతిలోని స్టిక్ ఎంత తిప్పినా గ్లైడరు మాట వినదు. గేటు దగ్గర డాక్టరమ్మ కారు హారను వినబడింది.

టీచరమ్మ ఏలరాన్ని పూర్తిగా కిందికి దించింది. సందు తెరుచుకుంది. ఆవిడ వంగి, నోరు అక్కడ పెట్టి మాట్లాడింది.

"ఇన్నేళ్ళు కలిసి పనిచేశాం. నీ మీద నాకు కోపం లేదు. కానీ రేపు దీంట్లో ఎగిరేది నిన్నగాక మొన్న చేరిన పిల్లలు. వాళ్ళకి ఏదన్నా అయితే నువ్వూ నేనూ ఏం మొహం పెట్టుకుని తిరుగుతాం? బయటికి రా. నేనూ ఇవాళో రేపో ఇల్లు ఖాళీ చెయ్యాల్సినదాన్నే. వెళ్ళాలని నాకు మాత్రం ఉందా?"

ఆఖరి మాట అనగానే ఏడుపు ఆపుకోవడానికి ఆవిడ నోరు తెరిచి గట్టిగా ఊపిరి లాగింది. రెక్క సందులోంచి ఈల ఒకటి సర్రున వచ్చి ఆవిడ నోట్లోకి వెళ్ళిపోయింది.

"వదినా, నోరు ముయ్యి!" అని అరిచింది మరదలు. ఎన్నేళ్ళుగానో అందామనుకుంటున్న మాట, ఇప్పటికి అవసరం పడింది.

టీచరమ్మ నోరు మూసుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. భుజాలు లేచాయి. ఆవిడ జాకెట్టు గుండీ ఒకటి తెగి ఎగిరి డబ్బాకి తగిలి ఠంగుమంది. గుండెలమీద చెయ్యి వేసుకుని కోప్పడింది.

"పిచ్చిదానా, నాలో ఏముంది? నేనిక ఎగరను. నాతో ఉంటే వంటింట్లోనూ వరండాలోనూ తిరగాలి నువ్వు. రా బయటికి!"

ఊది చూసింది. బల్ల మీది టేపు చుట్టలు దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకున్నాయి. గాలి మాత్రం రాలేదు.

మరదలు పని మాత్రం ఆపలేదు. లేచిన పట్టీ అంతా తీసి పారేసి, కొత్తది వేసి, కొస దాకా నొక్కింది. ఖాళీ పంపుతో తిరిగొచ్చిన తాడు బాబాయి గ్లైడర్లో కూర్చుని స్టిక్ అటూ ఇటూ కొస దాకా తిప్పాడు. ఏలరాన్ పైకీ కిందికీ పోయింది. పట్టీ అంచు ఎక్కడా మడత పడకుండా, ఎక్కడా పట్టుకోకుండా ఒరుసుకుంటూ కదిలింది. మరదలు మళ్ళీ మళ్ళీ తిప్పించి, రెండు చెవులూ పెట్టి విని, అప్పుడు చేతులు కడుక్కుంది.

డాక్టరమ్మ పెట్టె తెరిచి ఎర్ర బంతి గొట్టం తీసింది. ఆమె కూడా ఒకప్పుడు టీచరమ్మ దగ్గరే ఎగరడం నేర్చుకుంది. ఇప్పటికీ సొంతంగా నడుపుతుంది. అయినా పరీక్ష దగ్గర మొహమాటాలు లేవు.

"ముందే చెప్తున్నానమ్మా. రెండు సీట్లదాని గాలి నాలో చేరింది," అంది టీచరమ్మ.

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి వింది. "అవును, ఎడమవైపు. ఉంటానందా, వెళ్తానందా?"

"అడగలేదమ్మా."

"సరే, ఊదండి."

టీచరమ్మ ఊదింది. బంతి గీత దాటింది. గొట్టం పైకొసకి తగిలి, అక్కడే అతుక్కుపోయినట్టు నిలబడింది. మరదలు ముక్కున వేలేసుకుంది. డాక్టరమ్మ చాలు అనడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది. చివరికి తాడు బాబాయే "చాలమ్మా, చాలు, పాపం ఆ బంతి!" అన్నాడు.

షెడ్డులో ఈలలూ కేకలూ. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఊపిరి ఎవరిదని నేనడగను టీచరమ్మా. ఎంతుందన్నదే నాకు కావాలి. ఇప్పుడుంది. కానీ పైన పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఉండగా ఇది చెప్పకుండా వెళ్ళిపోతే? ఇది ఆకాశంలో బతికిన గాలి. పైకి వెళ్ళగానే కిటికీ తెరిచి అడగండి. వెళ్తానంటే నేను దింపుతాను. ఉంటే సంతకం పెడతాను."

ఆ మాటలో న్యాయముంది. అందుకే అందరూ కలిసి గ్లైడరుని బయటికి తోశారు.

డాక్టరమ్మ ముందు సీట్లో, టీచరమ్మ వెనక సీట్లో కూర్చున్నారు. మరదలు రెక్క కొస పట్టుకుని పరిగెత్తింది. చివరి అడుగు దగ్గర "వదినా, దాన్ని బతిమాలుకో!" అని అరిచింది. తాడు లాగింది, గ్లైడరు నేల వదిలింది. కొత్త సీళ్ళతో రెక్కలు చప్పుడు లేకుండా పైకి పోతుంటే మరదలికి ఒళ్ళు పులకరించింది. తాడు వదిలేశాక టీచరమ్మ మొదటిసారి మీటరు చూసి వేగం తెలుసుకోవలసి వచ్చింది. వెచ్చటి గాలి ఒకటి దొరికితే అందులో చుట్టూ తిరుగుతూ, మైదానం చేతిరుమాలంత అయ్యేదాకా ఎక్కింది.

అప్పుడు అద్దాల కప్పుకి పక్కనున్న చిన్న కిటికీ జరిపింది. చల్లగా ఆకాశం తగిలింది.

బతిమాలదామనే అనుకుంది. దారిలో నాలుగు మాటలు కూడబెట్టుకుంది కూడా. తీరా కిటికీ తెరిచాక ఆ మాటలు రాలేదు.

"ఇదే నీ ఊరు. నా కోసం ఉండొద్దు, మొహమాటపడొద్దు. వెళ్ళిరా," అంది.

గుండెల్లోంచి ఊపిరంతా ఒక్కసారిగా కిటికీలోంచి బయటికి పోయింది. ఆవిడ కుదించుకుపోయింది. దగ్గు వచ్చింది, దగ్గడానికి ఊపిరి చాల్లేదు.

"టీచరమ్మా?"

గ్లైడరు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు మొదలైంది. డాక్టరమ్మ చెయ్యి తన ముందున్న స్టిక్ మీదికి వెళ్ళింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను తీసుకుంటున్నా..." అని మొదలుపెట్టింది.

వెనకాల టప్పుమని చప్పుడైంది. కిటికీ మూసుకుంది. టీచరమ్మ రెండు చేతులూ స్టిక్ మీదే ఉన్నాయి. తిరిగొచ్చిన గాలే కిటికీని లోపలి నుంచి మూసింది. మరుక్షణం ఆవిడ గుండెలు నిండి, నవ్వు పొంగి, గాజు కప్పంతా మోగిపోయింది.

"చెయ్యి తియ్యి పిల్లా! స్టిక్ నాది!"

డాక్టరమ్మ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.