అరవై ఒక్క నవ్వులు

ఇరవై రెండేళ్లలో డార్సీ గురి ఒక్కసారే తప్పింది. ఆ ఒక్కసారికే ఇసోవా కుడికన్ను పోయింది.

మా కబేళాలో పని ఒక వరసలో నడుస్తుంది. కోడె ఇనప బోనులోకి వస్తుంది. డార్సీ పైనుంచి వంగి దాని నుదుటికి, గుండుకి బదులు ఉక్కు మేకు దింపే బోల్టు తుపాకీ ఆనించి నొక్కుతాడు. బోను పక్క తలుపు లేస్తే కోడె దొర్లి నా కాళ్ల దగ్గర పడుతుంది. నేను దాని వెనక కాలికి కొక్కెం తగిలిస్తాను. గొలుసు దాన్ని తలకిందులుగా పైకి లాగుతుంది. నాలుగడుగుల అవతల ఇసోవా గొంతు కోస్తాడు. ఒక కోడెకీ ఇంకో కోడెకీ మధ్య యాభై సెకన్లు.

మార్చిలో ఆ రోజు వచ్చింది ఎర్ర కోడె. బోనులో తల విదిల్చింది. బోల్టు రెండు వేళ్ల మేర కిందికి దిగింది. అది పడింది, నేను కొక్కెం వేశాను, గొలుసు లాగింది. పైకి వెళ్లాక అది కళ్లు తెరిచింది. ఖాళీగా ఉన్న కాలు విసిరింది. గిట్ట ఇసోవా మణికట్టుకి తగిలి, చేతిలో కత్తి అతని ముఖంలోకే దిగింది.

ఇసోవా ఫిజీ మనిషి. కోస్తూ చర్చి పాటలు పాడుకునేవాడు. ఆ రోజు అరవలేదు. నెత్తురు పారే కాలవ గట్టున కూర్చుని, "నా కత్తి పడిపోయింది, చూడండ్రా" అన్నాడు. కత్తి అతని కంట్లోనే ఉంది. పైన కోడె ఊగుతూ తన్నుతూనే ఉంది. డార్సీ కిందికి దిగి, దాని కొమ్ము పట్టుకుని రెండో బోల్టు దింపాడు.

గొలుసు పదకొండు నిమిషాలు ఆగింది. ఆ పదకొండు నిమిషాలూ మేస్త్రీ గ్రాంట్ పుల్లెన్ గడియారం వంకే చూస్తూ నిలబడ్డాడు.

అంతకు ముందు నెలలోనే తెర వచ్చింది. బూట్లు కడిగే చోట, హెల్మెట్లు తగిలించే కొక్కేల పక్కన, గోడకి బిగించారు. దాని మీద అయిదు ముఖాలు. ఎడమ చివరది ఎర్రగా ఏడుస్తూ ఉంటుంది. కుడి చివరది ఆకుపచ్చగా, చెవులదాకా నవ్వుతూ ఉంటుంది. హెల్మెట్ తెర ముందు పెడితే మనం ఎవరో దానికి తెలుస్తుంది. చేతులకి తొడుగులుంటాయి కాబట్టి మోచేత్తో నొక్కాలి. సాయంత్రం వెళ్లేటప్పుడు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు దానికి చెప్పాలి, అది రాసుకుంటుంది.

దాన్ని తెచ్చింది ఇంగ్రిడ్. కంపెనీ పంపిన బ్రిస్బేన్ అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. మొదటిరోజు కొత్త బూట్లతో నెత్తుట్లో జారబోయి, గోడ పట్టుకుని నిలబడి, మాకు చెప్పింది.

"మనసు కూడా ఒళ్లులాంటిదే. రోజూ కాస్త పని చెప్తే గట్టిపడుతుంది. మంచిని వెతకడం అలవాటైతే పనిలో సంతోషం పెరుగుతుంది. కానీ నిజమే నొక్కండి. ఎరుపు నొక్కితే తప్పు లేదు. నేను పిలిచి మాట్లాడతాను."

"ఎంతసేపు మాట్లాడతావమ్మాయ్?" అని బోను వెనక నుంచి, కోడెల్ని లోపలికి తోలే టల్లీ అడిగాడు.

"ఒక గంట."

"ఎరుపు నొక్కినవాడి కత్తి ఆ గంటా ఎవరు పడతారు?"

ఆమె పుల్లెన్ వైపు చూసింది. పుల్లెన్ నేల వైపు చూశాడు. గొలుసు వేగం తగ్గదని మాకు అప్పుడే అర్థమైంది. ఒకడు ఎరుపు నొక్కితే మిగతావాళ్లు వాడి బరువు కూడా మోయాలి. పైగా వారమంతా గదిలో అందరిదీ పచ్చగా ఉంటే శుక్రవారం గంట ముందే వదిలేసి, పెరట్లో బీరూ సాసేజ్‌లూ పెడతారు. అందుకని అందరం చివరి పెద్ద నవ్వో, దాని పక్కనున్న చిన్న నవ్వో నొక్కేవాళ్లం.

టీ తాగేటప్పుడు అది మాకో ఆట అయింది.

"ఒరేయ్ నెవ్, ఇవాళ నీ మూడు మంచి విషయాలేంట్రా?" అని నన్ను అడిగేవాళ్లు.

"ఒకటి, నీ పక్కన కూర్చోలేదు."

"మిగతా రెండూ?"

"అవీ అవే."

ఇసోవా కన్ను పోయిన మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి డార్సీ ఇంకా తన బండిలోనే ఉన్నాడు. అద్దంలోంచి చూశాను. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, అవి వణుకుతుంటే వాటి వంకే చూస్తున్నాడు. నేను అద్దం మీద కొట్టలేదు. లోపలికి వెళ్లాను. మా హెల్మెట్లు పక్కపక్క కొక్కేలకి ఉంటాయి. నాది పెట్టి నొక్కాను. అతనిది పెట్టి నొక్కాను. పచ్చది, చివరది. సాయంత్రం మూడు మంచి విషయాలు కూడా ఇద్దరివీ నేనే చెప్పాను.

మా దగ్గర అది పెద్ద సంగతి కాదు. ఒకడి కత్తి ఇంకొకడు ముట్టడు గానీ, ఒకడి లోటు ఇంకొకడు కప్పుతాడు. మేస్త్రీకి ఎవరూ ఎవరి గురించీ చెప్పరు. అలా పెరిగాం.

మర్నాడూ నొక్కాను. తర్వాత అలవాటైపోయింది. ఆ రోజు నుంచి డార్సీ ఎప్పుడూ తెర దగ్గర ఆగలేదు. హెల్మెట్ తీసుకుని బోను మెట్లు ఎక్కేవాడు. ఒక్కొక్క కోడెకీ రెండు బోల్టులు దింపడం మొదలుపెట్టాడు. చచ్చినదాన్ని మళ్లీ చంపేవాడు. నా కాళ్ల దగ్గరికి తలలు చితికిపోయి వచ్చేవి. పెదవుల చివర తెల్లగా ఎండిపోయి ఉండేది. తిండి డబ్బా మూత తెరవకుండానే ఇంటికి పట్టుకుపోయేవాడు. ఇవన్నీ నేను చూశాను. చూసి, పొద్దున పచ్చది నొక్కాను.

జూన్‌లో ఒక గురువారం, టీ అయ్యాక, పుల్లెన్ బోను దగ్గరికి వచ్చాడు. డార్సీ మెట్ల మీద నుంచే అడిగాడు. గొంతు పెద్దగా లేదు.

"నన్ను తోళ్ల గదికి మార్చు గ్రాంట్. ఈ పని ఇక నా వల్ల కాదు."

"ఏంటీ?"

"బోను నుంచి దింపు. తోళ్ల మీద ఉప్పు చల్లుకుంటాను. ఏదైనా చేస్తాను."

పుల్లెన్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, నమ్మలేని నవ్వు. చంకలోని పలక లాంటి యంత్రం తీసి వేలితో లాగి అతనికి చూపించాడు.

"ఎవరికి చెప్తున్నావురా? ఈ గదిలో నీ అంత సంతోషంగా ఉన్నవాడు లేడు. మార్చి నుంచి అరవై ఒక్క రోజులు, అరవై ఒక్క నవ్వులు. నిన్న సాయంత్రం ఏం చెప్పావో చూడు. 'కోడెలు మెత్తగా వచ్చాయి, టీ వేడిగా ఉంది, పక్కన మంచివాళ్లున్నారు.' నీ ఫొటో గోడ మీద పెట్టమంటున్నారు పైవాళ్లు."

డార్సీ వంగి ఆ అక్షరాలు చదివాడు. పెదవులు కదిలాయి. ఆ మాటలు నావి. కాస్త బావుంటాయని టీ సంగతి వేశాను.

"ఇవి ఎవరు నొక్కారు?"

"నీ మోచెయ్యి. ఇంకెవరిది?"

నేను అక్కడే ఉన్నాను, కొక్కెం చేత్తో పట్టుకుని. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

డార్సీ ఎడమ చెయ్యి పుల్లెన్ మెడ చుట్టూ పడింది. అతని తలని బోను అంచు మీదికి వంచాడు. పుల్లెన్ కాళ్లు తడి నేల మీద గీరుకున్నాయి. యంత్రం కాలవలో పడింది. డార్సీ తుపాకీని పుల్లెన్ నుదుటి మీద పెట్టాడు, కోడెకి పెట్టే చోటే, ఒక్కో కంటి నుంచి అవతలి వైపు కొమ్ముకి గీతలు గీస్తే కలిసే చోట. అతని ముఖంలో కోపం లేదు. పని చేస్తున్న ముఖం.

నేను రెండు మెట్లు ఎక్కి తుపాకీ మూతిని అరచేత్తో నెట్టాను. అది పేలింది. బోల్టు నా అరచేతిలోంచి దూరి, పుల్లెన్ చెవి పైన తోలు చీల్చుకుని, ఇనప కడ్డీకి కొట్టుకుంది. చెయ్యి ఆ బోల్టుకి గుచ్చుకుని ఉండిపోయింది. లాక్కుంటే ఎముక తెల్లగా వచ్చింది.

పుల్లెన్ కింద పడ్డాడు. డార్సీ దూకి అతని పక్కటెముకల మీద బూటుతో తన్నాడు. ఒకటి, రెండు, మూడు. కర్ర విరిగినట్టు వినిపించింది. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. టల్లీ కత్తి నూరే ఉక్కు కడ్డీతో వెనక నుంచి తల మీద కొట్టాడు. డార్సీ మోకాళ్ల మీద కూలి, మళ్లీ లేవబోయాడు. టల్లీ మళ్లీ కొట్టాడు. పళ్లు రెండు నేల మీద పడ్డాయి. ఇదంతా జరుగుతుంటే పైన గొలుసు నడుస్తూనే ఉంది. ముందు లేపిన కోడె గొంతు తెగకుండానే మా తలల మీదుగా అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

ఆస్పత్రికి పోలీసు సార్జెంటు వచ్చాడు. నాకు ఇంకా మత్తు దిగలేదు.

"ఆ మనిషికి ఏ బాధా లేదని కంపెనీ కాగితాలు చెప్తున్నాయి" అన్నాడు. "అరవై ఒక్క రోజులు హాయిగా ఉన్నవాడు ఒకరోజు తుపాకీ ఎత్తాడంటే, కావాలనే ఎత్తాడని అర్థం. చంపాలని చేసిన ప్రయత్నమంటారు. పదేళ్లు పడొచ్చు. నువ్వు చెప్పేదేమైనా ఉందా?"

"రేపు చెప్తాను" అన్నాను.

సాయంత్రం ఇంగ్రిడ్ వచ్చింది. ఒళ్లో కంప్యూటరు పెట్టుకుంది గానీ తెరవలేదు.

"నెవ్, నేను రోజూ ఆయన అంకె చూసేదాన్ని" అంది. "చివరి నవ్వుకి అయిదు. అరవై ఒక్క అయిదులు. మనిషన్నవాడికి అలా రావు. పెళ్లయిన వారంలో కూడా నాకే రాలేదు. యంత్రం బాగా పనిచేస్తోందనుకున్నాను. ఒక్క ఎరుపు వచ్చి ఉంటే ఆ రోజే పిలిచేదాన్ని. బోను నుంచి దింపించే కాగితం నా చేతిలో ఉంటుంది. పుల్లెన్‌ని అడగక్కర్లేదు."

ఆ సంగతి నాకు తెలియదు. మాలో ఎవరికీ తెలియదు. మేం ఎప్పుడూ ఎరుపు నొక్కలేదు కదా.

"అవి నేను నొక్కాను" అన్నాను.

ఆమె కంప్యూటరు తీసి పక్కన పెట్టింది.

"ఎందుకు?"

డార్సీ కోసం అని చెప్పబోయాను. అన్ని వారాలూ నాకు నేను చెప్పుకున్నది అదే. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"అతను దిగితే బోను టల్లీకి ఇస్తారు. టల్లీకి గురి లేదు. బతికున్న కోడెలు నా కాళ్ల మీద పడతాయి. ఇసోవాని చూశాను కదా. నా కళ్ల కోసం నొక్కాను."

మర్నాడు సార్జెంటుకి అదే చెప్పి, బాగున్న చేత్తో సంతకం పెట్టాను. డాక్టరు డార్సీని చూశాడు. మనసు చెడిన మనిషని రాశాడు. 'చంపాలని' అన్న మాట కొట్టేశారు. పదేళ్లకి బదులు ముందు ఆస్పత్రి, తర్వాత పద్దెనిమిది నెలలు జైలు అన్నారు. కబేళా నన్ను తీసేసింది. కుర్రాళ్లు పబ్బులో నా పక్క కుర్చీ ఖాళీగా వదిలేశారు. ఒకడి గురించి పోలీసుకి చెప్పినవాణ్ని కదా. ఆ చెప్పింది నా గురించే అయినా సరే.

ఆగస్టులో డార్సీని చూడ్డానికి వెళ్లాను. ఆస్పత్రి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ముందు పళ్లు లేవు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. వణకడం లేదు. నా చెయ్యి చూశాడు. రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

"వంగవా?"

"వంగవు."

గడ్డిలో గులాబి రంగు గలా చిలకలు ఏదో ఏరుకుంటున్నాయి.

"నువ్వే నొక్కావట."

"ఊఁ."

"రోజూ చివరిదేనా?"

"చివరిదే."

అతను తల ఊపాడు. నాలుకతో పళ్ల సందు తడుముకున్నాడు.

"ఒక్కరోజైనా దాని పక్కది నొక్కలేకపోయావా," అన్నాడు, "ముసలి వెధవా."

అతను కాస్త పక్కకి జరిగాడు. కూర్చున్నాను.