మా ప్రతినిధి

"గారెలు తర్వాత, ముందు ఇటొచ్చి ఈవిడేమంటున్నారో చెప్పు!" అని మా ఆయన హాల్లోంచి కేకేశారు. చేతికంటిన పిండి కడుక్కుని వెళ్ళాను. ఆవిడ ఇంగ్లీషు ఆయనకి తెలుగులో, ఆయన తెలుగు ఆవిడకి ఇంగ్లీషులో చెప్పి మళ్ళీ వంటింట్లోకి పరిగెత్తేసరికి మూకుట్లో వాయ మాడిపోయింది. "పరాయి దేశపు మనిషికి మాడు గారెలు పెడతావుటమ్మా?" అన్నారు మా అత్తగారు సుబ్బరత్నం గారు, కుర్చీలోంచి లేవకుండానే. గారెలూ నావే, ఇంగ్లీషూ నాదే, ఏది మాడినా తిట్లూ నావే.

వచ్చినావిడ పేరు లూర్దెస్. మనీలాలో విలేకరి. "మన గుణదల లూర్దు మాత పేరే" అని అత్తగారు సంబరపడ్డారు. ఆసియాలో ప్రజాస్వామ్యం, పత్రికా స్వేచ్ఛ నిలబడాలని నాలుగైదు దేశాలవాళ్ళు కలిసి పెట్టుకున్న సంస్థ తరఫున, చిన్న పత్రికలు చూడటానికి వచ్చింది.

మా ఆయన అంకమ్మరావు గారు పటమటలో వారపత్రిక నడుపుతున్నారు. నడపడమంటే సభలకెళ్ళడం, శాలువాలు కప్పించుకోవడం. ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన నేను, ఇంట్లో ఇంత పనుండగా ఉద్యోగమెందుకని ఆయనంటే లెక్చరరు పని మానేసి, వంటయ్యాక వంటింటి బల్ల మీదే ప్రూఫులు దిద్దుతాను, బస్సెక్కి ఊళ్ళు తిరిగి వ్యాసాలు రాసుకొస్తాను. వాటి కింద "మా ప్రతినిధి" అని పడుతుంది. నా పేరు వెయ్యమని ఒకసారి అడిగాను. "మల్లీశ్వరి అని వేస్తే నలుగురి నోళ్ళలో నానుతావు, నీ మంచికే చెప్తున్నా" అన్నారు. "మొగుడి పత్రికంటే నీ పత్రిక కాదూ?" అన్నారు అత్తగారు. నిజమే. మొగుడి ఇల్లు నా ఇల్లు అయినట్టే, ఊడవడానికి.

రెండో వాయ వేస్తుండగా మళ్ళీ పిలుపు. లూర్దెస్ చేతిలో పెడన నేతవాళ్ళ మీద నేను రాసిన వ్యాసం ఉంది. మగ్గానికి కావలసిన నూలంతా కండెలకి చుట్టిపెట్టే ఆడవాళ్ళకి పైసా కూలి లేదని, నేసిన మగవాడికే కూలి అని రాసిన వ్యాసం. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి సంస్థకి పంపిందీ నేనే, ఆయన పంపమంటే.

"దీన్ని రాసినవారిని కొలంబోలో మా శిక్షణకి తీసుకెళ్ళాలని వచ్చాను. ఎవరు రాశారు?" అంది.

తెలుగులో చెప్పాను. ఇన్నేళ్ళకి ఒక్కసారి ఈ మనిషి నా వైపు చూస్తారేమో అనుకున్నాను.

"నేనే రాశానని చెప్పు" అన్నారు.

"తానే రాశానంటున్నారు" అని ఇంగ్లీషులో చెప్పాను. ఇందాకటి నుంచీ గొంతులేని వాళ్ళ గొంతు గురించి ఆయనిచ్చిన ఉపన్యాసమంతా నా నోటితోనే చెప్పించుకున్నారు, ఇప్పుడు ఈ అబద్ధం కూడా.

లూర్దెస్ ఆయన వంక ఇష్టంగా చూసి, "ఆ ఆడవాళ్ళు మీ ముందు అంతలా ఎలా నోరు విప్పారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న తెలుగులో విన్నాక ఆయన నా వంక చూశారు. పెడనలో ఆయన ఏనాడూ బస్సు దిగలేదు.

"ఏదో ఒకటి చెప్పవే" అన్నారు, ఆవిడకేసి నవ్వుతూ.

పిండి చేతులతోనే కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆ ఇంట్లో అతిథి ఎదుట నేను కూర్చోవడం అదే మొదలు.

"వాళ్ళ పక్కన కూర్చుని నేనూ కండెలు చుట్టాను. మీకు కూలెంత ఇస్తారని అడిగాను. నీకెంత ఇస్తారమ్మా అని ఒక ముసలామె నన్నడిగింది. ముందు నేను చెప్పుకున్నాను, తర్వాత వాళ్ళు చెప్పారు. ఆ వ్యాసం నేను రాశాను. నా పేరు మల్లీశ్వరి" అని ఇంగ్లీషులో, తాపీగా, ఆయనకి కూడా అర్థమయ్యేలా చెప్పాను.

మా ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. లూర్దెస్ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "కొలంబోకి వస్తారా?" అంది.

"వస్తాను."

వంటింట్లోంచి మాడు వాసన గుప్పుమంది. "గారెలే తల్లీ, గారెలు!" అని అత్తగారు అరిచారు. ఆయన నా వంక చూశారు, ఇంకా లేవలేదేమని.

"మీరెళ్ళి తిప్పండి" అన్నాను, "నేను మాట్లాడుతున్నాను."