యూలాలమ్మ విన్న టిక్కు

నాలుగో పాట మధ్యలో యూలాలమ్మ ప్లేటు మీది ముల్లు పైకెత్తింది. మళ్ళీ దింపింది. మళ్ళీ ఎత్తింది.

టిక్కు.

ఆమె కూర్చునే గది బీరువా కన్నా కొంచెం పెద్దది. బయటి చప్పుడు రాకుండా గోడలకు పరుపులు కొట్టారు. ఒక బల్ల, ఒక స్టూలు, ప్లేటు తిరిగే యంత్రం, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. అవి చెవులు కోస్తున్నాయని ఎన్నడో గోధుమరంగు ఉన్నితో రెండు తొడుగులు అల్లి వేసింది. పాటల ప్లేట్లు అచ్చుగుద్దే ఫ్యాక్టరీ అది. ప్రెస్సుల్లోంచి వందకొక ప్లేటు ఈ గదికి వస్తుంది. ఆమె వింటుంది. బాగుంటే పక్కన పెడుతుంది. బాగా లేకపోతే ఎర్ర చీటీ అంటిస్తుంది. చీటీ పడితే ప్రెస్సు ఆగుతుంది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఆమె సరేనన్న ప్లేటు ఒక్కటీ దుకాణం నుంచి తిరిగి రాలేదు. ఇవాళ ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి క్యాంటీనులో తలా ఒక గ్లాసు వైను, బిస్కెట్లు, డైరెక్టరు గారి మాటలు. రేపటి నుంచి ఇంటి దగ్గర కుందేళ్ళకు గడ్డి వేసుకోవచ్చు. మచ్చ లేకుండా బయటపడితే ఆమెకు అంతే చాలు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి. చేతులు లావు, వేళ్ళు సన్నం. ఎడమ చెవి కుడిదాని కన్నా కాస్త బయటికి వచ్చి ఉంటుంది. అదే అసలు చెవి అనీ, రెండోది దానికి తోడుగా ఉందనీ ఆమె నమ్మకం.

ఆమెకు పాటలు తెలియవంటే తప్పు. ఏ పాటలో ఎక్కడ టిక్కు ఉందో తెలుసు. ఊళ్ళో పెళ్ళిలో బ్యాండువాళ్ళు పాట ఎత్తుకుంటే, "రెండో చరణంలో గీత పడింది, ఆ అచ్చు పారేశాం" అనేది. పెళ్ళివాళ్ళు నొచ్చుకునేవారు. ఇంట్లో రేడియో లేదు. మొగుడు ఫెర్నాన్ రోజుకు పది మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు కుందేళ్ళతో. కాపురం హాయిగా సాగింది.

ఇవాళ్టి ప్లేటు వెర్నా టాలివర్ అనే ఆవిడది. అమెరికా మనిషి. పాతికేళ్ళ కింద పారిస్ వచ్చి అక్కడే ఉండిపోయింది. జాజ్ పాడుతుంది. ప్లేటుకు ఒక వైపు ఆరు ఫ్రెంచి పాటలు, రెండో వైపు ఆరు అమెరికా పాటలు. అట్ట మీద నీలం గౌనుతో, పెదవులు మూసుకుని నవ్వుతోంది. శనివారం పారిస్‌లో కచేరీ. వెయ్యి ప్లేట్లు ఇవాళ అయిదింటి లారీకి ఎక్కాలి.

గీత పడితే ప్లేటు తిరిగినప్పుడల్లా టిక్కు వస్తుంది, గడియారంలాగా. దుమ్ము పడితే ఒకసారి వచ్చి పోతుంది. ఇది ఆ రెండూ కాదు. గొంతుతో వస్తోంది, గొంతుతో పోతోంది. ఫ్రెంచి వైపు పదకొండు చోట్ల ఉంది. తిప్పి వేసి అమెరికా వైపు వింది. ఒక్కటీ లేదు.

టిక్కుకు కూడా దేశం ఉంటుందా, అనుకుంది. ఎర్ర చీటీ అంటించింది.

ప్రెస్సుల మేస్త్రీ పెల్తియే పరిగెత్తుకొచ్చాడు. పెద్ద పొట్ట, చిన్న మీసం.

"ఇవాళా యూలాలమ్మా? వెళ్ళిపోయే రోజునా?"

"టిక్కు మంచిరోజు చూసుకుని వస్తుందా?"

"ఇటివ్వండి. నేను వింటా."

పాతికేళ్ళు ఆవిరి ప్రెస్సుల మధ్య నిలబడ్డవాడు. పక్కన బాంబు పడితే, ఎవరో తలుపు కొట్టారనుకుని "లోపలికి రండి" అంటాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏ టిక్కూ లేని చోట వేలెత్తాడు.

"ఇదిగో!"

"అది కాదు."

"అదే, దీని తర్వాతది."

"దాని తర్వాతదీ కాదు. అది ఆవిడ ఊపిరి."

పెల్తియే ముల్లు మార్చాడు. మళ్ళీ మార్చాడు. మూడు ప్రెస్సుల నుంచి మూడు ప్లేట్లు తెప్పించాడు. మూడింట్లోనూ అదే చోట టిక్కు. అచ్చుల్ని దీపం కింద పెట్టి భూతద్దంతో చూశాడు. అద్దంలా ఉన్నాయి. ఇక పారిస్‌కు ఫోను చేయక తప్పలేదు. తిరిగి వచ్చేసరికి మీసం ఇంకా చిన్నదైనట్టు కనబడింది.

"టేపు శుభ్రంగా ఉందంటున్నారు. రేపు పొద్దున నలుగురు మనుషులు వస్తారట, ఇంజనీరూ వాళ్ళూను. ఆ పాడినావిడను కూడా తీసుకొస్తారట. అందరూ కూర్చుని ఒక్కో టిక్కూ విని, ఎక్కడి నుంచి వస్తోందో తేలుస్తారట. శనివారానికి మాత్రం ప్లేట్లు లేనట్టే."

"రానీ. నా చెవి తప్పదు."

"మీ చెవి తప్పదు తల్లీ, నా ఉద్యోగమే తప్పుతుంది."

పన్నెండింటికి క్యాంటీనులో పప్పూ సాసేజీ పెట్టారు. అట్టలు మడిచే జోసియాన్ ఎదురుగా కూర్చుంది. ముప్పై ఏళ్ళది. ఆమె నోరు మూతపడగా ఫ్యాక్టరీలో ఎవరూ చూడలేదు. యూలాలమ్మ రొట్టె మెత్తని భాగం తాను తీసుకుని, గట్టి చెక్కు జోసియాన్ వైపు జరిపింది. నవంబరు నుంచి ఇదే వరస.

నవంబరులో ఆమె రెండు వారాలు సెలవు పెట్టింది. జలుబూ జ్వరమూ అని చెప్పింది. నిజానికి పై పళ్ళన్నీ తీయించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకుంది. సంగతి ఫెర్నాన్‌కు తెలుసు, పళ్ళ డాక్టరుకు తెలుసు. చర్చిలో పాదిరీకి కూడా చెప్పలేదు. సెట్టు జారకుండా వేసుకునే పొడిని ఈ ఊళ్ళో కొంటే తెలిసిపోతుందని, బస్సెక్కి పక్క ఊరు వెళ్ళి కొంటుంది. చిన్న రేకు డబ్బీ. ఎప్పుడూ ఏప్రను జేబులోనే.

"ఆ నల్లావిడ ప్లేటు ఆపేశావటగా?" అంది జోసియాన్. "పాపం! ఎంత బాగా పాడుతుందో. నీకేమైనా పగా?"

"పాటతో నాకేం పని? నువ్వు తిను ముందు." చివరి మాట దగ్గర మూతి ముందుకు సాగింది. పై సెట్టు కొంచెం లేచి, కింద పడింది.

టిక్కు.

యూలాలమ్మ చెంచా గాలిలోనే ఆగిపోయింది.

"ఏమైంది?"

"పప్పులో రాయి."

లేచి, చేతులు కడిగే గదిలోకి వెళ్ళింది. అద్దం ముందు నిలబడింది. ఫ్రెంచి మాటకు మూతి ముందుకు చాచాలి, ఈల వేసినట్టు. చాచింది. నాలుగో పాటలో టిక్కు వచ్చిన మాట మెల్లగా అంది. టిక్కు. మళ్ళీ అంది. టిక్కు. ఇప్పుడు అమెరికా. ఆ భాష ఆమెకు ఒక్క ముక్క రాదు. రెండో వైపు విన్నట్టుగా నోరు వెడల్పుగా తెరిచి, "వా, యా, వావ్" అంటూ రాగం తీసింది. సెట్టు అంగుళం కదలలేదు.

వెనకాల మరుగుదొడ్డి తలుపులోంచి జోసియాన్ గొంతు వచ్చింది. ఆమె ఎప్పుడు వచ్చిందో!

"యూలాలమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావే?"

"అమెరికాతో."

గదికి తిరిగి వచ్చి ప్లేటు మళ్ళీ వేసింది. టిక్కు వచ్చిన ప్రతిచోటా ఇప్పుడు ఒక నోరు కనబడింది. పై పెదవి బిగబట్టుకుని, లోపలి సెట్టును నాలుకతో సర్దుకుంటూ, ఏమీ ఎరగనట్టు పాడుతున్న నోరు. పట్నం ఇంజనీర్లు డ్రమ్ము పుల్ల చప్పుడనుకుని ఉంటారు. రేపు ఆ నలుగురు మగాళ్ళు ఈ బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. ఆవిడ ఆ మూలన నిలబడి వింటుంది. పదకొండు సార్లు.

అట్ట తీసి చూసింది. పెదవులు మూసుకున్న నవ్వు. తన గుర్తింపు కార్డు మీద కొత్త ఫోటోలోనూ అదే నవ్వు.

ప్లేటు తిప్పింది. అమెరికా వైపు మొదటి పాట ఎవరో ఎవరికోసమో రైలు దగ్గర ఎదురుచూస్తున్నట్టుంది. మాటలు తెలియవు. టిక్కు కోసం వినడం మరిచిపోయింది. పాట అయిపోయాక గాని ఆ సంగతి గుర్తుకు రాలేదు. అట్లా ముప్పై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ జరగలేదు.

అంటించిన ఎర్ర చీటీ తీయాలంటే కారణం పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకంలో ఆమె తీసిన చీటీ ఒక్కటీ లేదు. ఏం రాయాలి? దుమ్ము అంటే పెల్తియే ముల్లు రెండుసార్లు మార్చాడు. కరెంటు అంటే కరెంటువాడు వచ్చి మిషను విప్పుతాడు. భూతద్దం పెట్టి వెతకడానికి వీల్లేని చోటు ఒక్కటే ఉంది.

ఒంటిగంట దాటింది. ప్రెస్సులు ఆగి ఉన్నాయి. అంత పెద్ద షెడ్డులో మనుషులు ఏం చేయాలో తెలియక చేతులు తుడుచుకుంటున్నారు. యూలాలమ్మ పుస్తకం చంకన పెట్టుకుని మధ్యకు వచ్చి నిలబడింది.

"పెల్తియే, ప్రెస్సులు తిప్పు. ప్లేటులో ఏం లేదు."

"ఏమిటీ?"

"టిక్కు నా నోట్లోది."

"మీ నోట్లో టిక్కేమిటి? తమాషాలొద్దు. పారిస్ వాళ్ళకు ఫోను చేసి చచ్చాను."

"కట్టుడు పళ్ళు. పాటతో పాటు నేనూ పెదవులు కదిపినట్టున్నాను. ఆ చప్పుడే చెవిలో పడింది." మూతి ముందుకు చాచి ఒక మాట అంది. షెడ్డంతా నిశ్శబ్దం. టిక్కు.

ప్రెస్సులవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఏమంది? ఏమంది?"

"కట్టుడు పళ్ళంట!" అని జోసియాన్ అరిచింది. "ఓసి నీ దుంప తెగ! నాలుగైదు నెలల్నుంచి నాకు రొట్టె చెక్కు పెడుతుంటే, నా మీద ప్రేమనుకున్నానే!"

షెడ్డు నవ్వింది. ఒకడు బల్ల మీద పడి నవ్వాడు. పెల్తియే నవ్వలేదు, ముందు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడు. పారిస్‌కు ఫోను చేసి, ఎవరూ రానక్కర్లేదనీ తప్పు తమదేననీ చెప్పాడు. యూలాలమ్మ చెవుల దాకా ఎర్రబడి, పుస్తకంలో రాసింది: చీటీ తీసేశాను. లోపం నాది. సంతకం పెట్టింది.

నాలుగింటికి డైరెక్టరు గారు కాగితం తీసి చదివారు. "మచ్చ లేని ముప్పై ఒక్క" దాకా వచ్చి, ఆగి, దగ్గి, "ముప్పై ఒక్క ఏళ్ళు" అన్నారు. వెనక ఎవరో నాలుకతో టిక్కుమనిపించారు. అందరూ మళ్ళీ నవ్వారు. చందాలు వేసుకుని కొన్న బహుమానం విప్పారు. ప్లేట్లు వేసుకునే పెట్టె.

"ఇంటి దగ్గర కూడా తప్పులు పట్టుకో," అంది జోసియాన్. ఆమెను కౌగిలించుకుని కొంచెం ఏడ్చింది కూడా.

లారీ వచ్చేలోపు అట్టపెట్టెలు కడుతున్నారు. అందులో ఒకటి పాడినావిడ సొంతానికి, యాభై ప్లేట్లు. "ఇది నేను కడతాను," అంది యూలాలమ్మ. ఆఖరి పెట్టె కదా అని జోసియాన్ పక్కకు జరిగింది. అటు తిరిగి ఉన్నంతలో యూలాలమ్మ ఏప్రను జేబులోంచి రేకు డబ్బీ తీసింది. హెడ్‌ఫోన్ల ఎడమ చెవి తొడుగులో దాన్ని చుట్టి, ప్లేట్ల పక్కన దూర్చింది. చీటీ ఏమీ రాయలేదు. తాడు రెండు వరసలు బిగించి ముడి వేసింది.

అయిదున్నర బస్సుకు వెళ్ళిపోయింది. ఒళ్ళో బహుమానం, దాని మీద వెర్నా టాలివర్ ప్లేటు. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉందని, వెనక సీటులో కూర్చున్న ఒకతను తర్వాత చెప్పాడు.

మర్నాడు పొద్దున పెల్తియే ఆ గది తలుపు తీశాడు. స్టూలు బల్ల కిందికి నెట్టి ఉంది. పుస్తకం మూసి ఉంది. హెడ్‌ఫోన్లు మేకుకు వేలాడుతున్నాయి. వంగి బల్ల కింద వెతికాడు, మూలల్లో వెతికాడు, ఏమీ దొరకలేదు. కుడి చెవికి గోధుమరంగు ఉన్ని తొడుగు అట్లాగే ఉంది, ఎడమది బోడిగా ఉంది.