ఇరుసు చుట్టూ గుడ్డ

నారింజ కోతల నాటి నుంచీ బోక్‌సిల్ తన మరిదితో మాట్లాడడం లేదు. అయినా అతని పడవ ఎక్కక తప్పదు. ఆ రేవులో గుల్లల కోసం మునిగే ఆడవాళ్ళను లోతు నీళ్ళకు తీసుకెళ్ళే పడవ అదొక్కటే. "ఆ పడవాయనతో చెప్పండి, కాస్త ఎడంగా ఆపమని" అంటుంది పక్కవాళ్ళతో. "విన్నానని చెప్పండి" అంటాడు గితెక్, చుక్కాని దగ్గర్నుంచే.

తగవు చిన్నదేమీ కాదు. ఆ రోజు గితెక్ వెనక చూసుకోకుండా ఇంజను తిప్పాడు. ఆమె నడుముకు కట్టుకున్న తేలుబంతి తాడు పడవ అడుగున తిరిగే ఫ్యానుకు చుట్టుకుని ఆమెను పడవ కిందికి లాగేసింది. చేతిలోని కొడవలితో తాడు తెగ్గోసుకుని పైకి తేలింది. గితెక్ తప్పయిందని ఒక్క మాట అనలేదు సరికదా, "అంత పొడుగు తాడు ఎవరు వదలమన్నారు?" అన్నాడు.

తర్వాత ఒక ఉదయం ఉత్తరపు గాలి ఎక్కువవుతుండగా, మునిగిన నలుగురు ఆడవాళ్ళనూ పడవలోకి ఎక్కించుకుని గితెక్ ఇంటిదారి పట్టాడు. గద్దరాయి అనే సముద్రపు బండ పక్కగా వస్తుండగా కాలిన రబ్బరు కంపు కొట్టింది. గితెక్ ఇంజను గది తలుపెత్తి చూసి, చటుక్కున ఇంజను ఆపేశాడు. ఫ్యాను ఇరుసు పడవలోకి వచ్చే చోట, చుట్టూ ప్యాకింగు తాడు కుక్కి నీళ్ళను ఆపే గ్లాండు లోంచి సముద్రం చిమ్ముకొస్తోంది.

"ప్యాకింగు మాడిపోయింది" అన్నాడు.

"మాడిందా, మాడ్చావా?" అంది మల్‌సెంగ్. వాళ్ళందరిలోకీ పెద్దది, డెబ్బై దాటినా ఇంకా మునుగుతుంది. "కొత్తది లేదూ?"

"ఉంది పెద్దమ్మా. వేసవిలోనే కొన్నాను."

"కొని డబ్బాలో దాచావా? ఎవరి పెళ్ళికి?"

అతను కొత్తది వేయకుండా, నీళ్ళు కారినప్పుడల్లా మరలు ఇంకాస్త బిగించి సరిపెట్టుకుంటూ వచ్చాడు. బిగించిన కొద్దీ ఇరుసు వేడెక్కి ఉన్న ప్యాకింగూ పోయింది.

లంగరు వేశారు. రేడియోలో తీర రక్షణ వాళ్ళను పిలిస్తే, ఇంకో పడవ దగ్గర ఉన్నాం, గంట పడుతుందన్నారు. పంపు తోడుతున్నా నీళ్ళు ఇంజను కాళ్ళ దాకా వచ్చేశాయి. అడుగున అంతా నున్నటి రాయి. లంగరు పట్టీ పట్టక జారుతోంది. గద్దరాయి మీద అలలు విరిగే చప్పుడు దగ్గరవుతోంది.

"గ్లాండు విప్పితే గానీ కొత్తది పెట్టలేను. విప్పితే పడవ నిండిపోద్ది" అన్నాడు గితెక్. "బయట ఇరుసు చుట్టూ ఎవరైనా గుడ్డ బిగిస్తే..."  అతను ఎవరి వైపూ చూడలేదు.

నలుగురిలో ఊపిరి ఎక్కువసేపు పట్టేది బోక్‌సిలే. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆమె మునిగేటప్పటి కళ్ళద్దాలు ముఖానికి తగిలించుకుంది. మల్‌సెంగ్ తన పాత దుప్పటి చించి, గ్రీజు పూసి అందించింది.

బోక్‌సిల్ గితెక్ ముందుకు వచ్చి చెయ్యి చాపింది. "ఇంజను తాళంచెవి ఇలా తే."

"వదినా, రాయి మీదికి పోతే అప్పటికప్పుడు ఇంజను వెయ్యాలి గదా!"

"నేను కింద ఉండగానా?"

గితెక్ ముఖం నల్లబడింది. తాళంచెవి పీకి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రబ్బరు దుస్తుల మెడలోకి జారవిడుచుకుని నీళ్ళలోకి దూకింది.

పడవ కింద చీకటిగా ఉంది. అల లేచినప్పుడల్లా అడుగు చెక్క తల మీదికి దిగుతోంది. ఒక చేత్తో ఫ్యాను రెక్క పట్టుకోవాల్సి వచ్చింది.  మెడలో ఇనుప ముక్క చల్లగా తగులుతున్నా, ఆ రెక్క ఇప్పుడే తిరుగుతుందేమోనన్న భయం పోలేదు. గుడ్డను ఇరుసుకూ, అది పడవలోకి పోయే గొట్టానికీ మధ్య సందులో కుక్కి, చుట్టూ తాడు బిగించింది. గొట్టానికి పట్టిన గుల్లలు అరచేతిని చీరేశాయి. పైకి వచ్చి ఈల వేసినట్టు ఊపిరి వదిలి, మళ్ళీ మునిగింది. రెండోసారికి ముడి పడింది. పడవ అంచు కొక్కెం పట్టుకుని, "ఊఁ, విప్పు!" అని అరిచింది.

లోపల గితెక్ మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చుని, మాడిన ప్యాకింగు ముక్కలు కొక్కెంతో పీకుతున్నాడు. స్పానరు చప్పుడు చెక్కలోంచి ఆమె వేళ్ళకు తెలుస్తోంది. లంగరు ఒక్కసారిగా పట్టు వదిలేసింది. పడవ పక్కకు తిరిగింది.

"ఒరేయ్, రాయి వచ్చేసిందిరా!" అని మల్‌సెంగ్ కేక.

"ఆఖరి చుట్టు పెద్దమ్మా!" లోపలి నుంచి గితెక్ గొంతు. ఆ వెంటనే, "అయ్యింది! వదినా, గుడ్డ తీసెయ్యాలి, లేకపోతే ఇరుసు పట్టేస్తది!"

"ముందు ఆ తాళంచెవి ఇచ్చి పోవే!" అని అరిచింది మల్‌సెంగ్.

బోక్‌సిల్ ఇవ్వలేదు. మునిగింది. తడికి ముడి బిగుసుకుపోయింది. కొడవలి మొన సందులోకి దూర్చి కోసింది. తాడు తెగింది, గుడ్డ మాత్రం రాలేదు. రెండు కాళ్ళూ చుక్కానికి తన్నిపెట్టి లాగింది. ఊపిరి అయిపోయి చెవుల్లో గంటలు మోగాయి. గుడ్డ ఊడి ఆమె ముఖం మీదికే వచ్చింది.

ఆడవాళ్ళు ఆమెను పైకి లాగారు. ఆమె మెడలోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. గితెక్ ఇంజను తిప్పే ముందు పడవ వెనక్కి పరిగెత్తి, నీళ్ళలోకి వంగి చూసి వచ్చాడు. అందరూ పడవలోనే ఉన్నారని తెలిసి కూడా. ఇంజను దగ్గి అంటుకుంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో గద్దరాయి, దాని మీది నాచు, పక్కకు జరిగిపోయాయి.

గద్దరాయి వెనకబడ్డాక బోక్‌సిల్ ఇంజను గదిలోకి తొంగి చూసింది.

"ఇంకా కారుతోంది గదా! ఏం బాగుచేసినట్టు?"

"చుక్క చుక్కగా పడాలి వదినా. ఆ నీళ్ళే ఇరుసును చల్లగా ఉంచేది. అసలు పడకపోతేనే మాడిపోద్ది." ఇంజను గది తలుపు మూస్తూ, "వేసవిలోనే మార్చాల్సింది. ఆ రోజు కూడా... వెనక చూడాల్సింది" అన్నాడు.

"ఊఁ" అంది ఆమె. 

రేవులో ఆమె మొగుడు తోపుడు బండితో నిలబడి ఉన్నాడు. చీరుకుపోయిన చెయ్యి చూసి, ఏమైందని తమ్ముణ్ణి అడిగాడు. గితెక్ నోరు తెరిచేలోగా బోక్‌సిల్ గుల్లల సంచి మొగుడి భుజానికెత్తింది.

"తర్వాత అడుగుదువులే. ముందు మా ఇద్దరికీ వేడిగా ఏదైనా పొయ్యి మీద పెట్టు."