కార్పెట్ అంచు

వీల్‌చెయిర్ రేసుల్లో దిగే మా చెల్లెలికి రేసు మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా భయమేనట, ఒక్క నా వంతెన మీద తప్ప. నా వంతెన అంటే నేను కట్టింది కాదు. ఏడాదికోసారి మారథాన్ రోజున దాని మీద కార్పెట్ పరిచే మేస్త్రీని, అంతే. ఎనిమిదేళ్ళుగా ఆ పని నాదే. వేరేవాళ్ళు అందులో వేలు పెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

వంతెనకి రెండు చివర్లా ఇనుప దువ్వెనలాంటి అతుకులున్నాయి. కారులో పోయేవాళ్ళకి టక్కుమని వినిపిస్తుంది, అంతకుమించి ఏమీ కాదు. వీల్‌చెయిర్ రేసు బండి చక్రం మాత్రం వేలెడంత సన్నం. ఆ పళ్ళ సందులో దిగిందంటే బండి పల్టీయే. అందుకని అతుకు కప్పేలా రోడ్డంత వెడల్పున రెండేసి కార్పెట్ ముక్కలు పరుస్తాం. ఇంటికి పెంకు నేసినట్టు ముక్క మీద ముక్క ఎక్కాలి. బండి ఎటునుంచి వస్తుందో అటు ముక్క పైన ఉండాలి. అప్పుడు చక్రం పై ముక్క మీంచి కింది ముక్క మీదికి మెత్తగా దిగిపోతుంది. ఆ మధ్య అంచుకి టేపు వెయ్యం, ఊడితే చక్రానికి చుట్టుకుంటుంది కాబట్టి. తిరగేసి పరిచామా, ఆ వదులు అంచు చక్రానికి ఎదురు నిలబడుతుంది.

ముందురోజు సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్ళాను. వంటగది బల్ల మీద చేతి తొడుగులు పెట్టుకుని, వాటి రబ్బరు గరుకు తేలేలా రుద్దుతోంది.

“రేపు వాన పడుతుందట అన్నయ్యా.”

“పడనీ. నా కార్పెట్‌ది ఉడుంపట్టు.”

“అబ్బో! కాకిపిల్ల కాకికి ముద్దు.” నవ్వి, తొడుగు పక్కన పెట్టింది. “దిగేవైపే ఉంటావుగా? ఎప్పట్లాగే రెండు చేతులూ ఊపు. నువ్వు ఊపావంటే దారి బాగున్నట్టే నాకు. తల దించేసి బండి వదిలేస్తాను. బ్రేకు జోలికి పోను.”

“ఈసారి అటునుంచి వస్తారు కదా. నేను ఇవతలి చివర ఉంటాను.”

ఆ మాట అన్నది నేనే. ఈ ఏడు రూటు తిప్పారు, ఎప్పుడూ ఎక్కే వైపు ఈసారి దిగే వైపయింది. మీటింగులో మ్యాపు పెట్టి మూడుసార్లు చెప్పారు. మూడుసార్లు చెప్పడానికి నేనేమైనా పాలు తాగే పిల్లాణ్ణా అని లోపల విసుక్కున్నాను కూడా.

తెల్లవారగానే నేనూ మా బావమరిదీ పనిలో దిగాం. నాతో పనిచేసేది వాడొక్కడే. వాడికి మాటలెక్కువ, నాకు పని తొందరెక్కువ. వాడి భార్య గురక గురించి వింటూ ముక్కలు దొర్లించాను, అంచులు సర్దాను, పక్కలకి టేపు వేశాను. ఎనిమిదేళ్ళ అలవాటు, చేతులు వాటంతట అవే పోయాయి. అంతా అయ్యేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి.

దిగేవైపు అతుకు దగ్గర నిలబడ్డాం. కంచెల వెనక జనం చేరుతున్నారు. ముందు వీల్‌చెయిర్ల వాళ్ళు వస్తారు, అరగంట తర్వాత ఎలీట్ రన్నర్లు, ఆ వెనక ఊరంతా. గాలికి ఎవరిదో కాగితం కప్పు వంతెన మీంచి దొర్లుతూ వచ్చి కార్పెట్ మధ్యలో ఆగింది. కాలితో తన్నేశాను. కాసేపటికి ఇంకొకటి వచ్చి అక్కడే ఆగింది.

“కప్పులన్నీ ఇక్కడే సత్రం కట్టుకుంటున్నాయేంటి బావా?” అన్నాడు బావమరిది.

“నీలాంటివే, ఎక్కడ ఆగాలో తెలీదు,” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బండ్లకి ముందు దారి చూపే పోలీసు మోటారుసైకిల్ వంతెన దిగి వచ్చింది. కార్పెట్ మధ్యకి రాగానే ఎగిరిపడింది. పోలీసాయన ఎలాగో నిలదొక్కుకుని, వెనక్కి ఒక చూపు చూసి, ఆగకుండా వెళ్ళిపోయాడు. తడిసి బరువెక్కిన అంచు వెనక్కి మడతపడి జానెడు ఎత్తున లేచి ఉంది. కప్పులు ఎందుకు ఆగాయో అప్పుడు తెలిసింది.

పాత దారికే పరిచాను. రెండు చివర్లా.

ఎక్కేవైపు ఫరవాలేదు, అక్కడ నెమ్మదిగా వస్తారు, ఎలాగో దాటేస్తారు. ఇక్కడికి వచ్చేసరికి వేగం గంటకి యాభై దాటుతుంది.

వాకీటాకీ అందుకున్నాను. “కంట్రోల్! బండ్లు ఆపండి! వంతెన మీద ఆపెయ్యండి!”

“ఎవరు మాట్లాడేది?” ఎవరో ఆడమనిషి గొంతు.

“కార్పెట్ మేస్త్రీని! అంచు లేచింది!”

“అయ్యో, ముందున్న బండ్లు వంతెన ఎక్కేశాయండీ. పైన మావాళ్ళు ఎవరూ లేరు...”

బావమరిది అప్పటికే టేపు చుట్ట విప్పి అంచు మీద పడ్డాడు. తడి కార్పెట్‌ని టేపు పట్టుకోలేదు. ముక్క తీసేద్దామంటే పక్కల వేసిన టేపు పొడిగా ఉన్నప్పుడు వేసింది, గోళ్ళు విరిగాయి కానీ అది రాలేదు. నిన్న గొప్పలు చెప్పుకున్న ఉడుంపట్టు అదే. తీసినా కింద ఇనుప పళ్ళున్నాయి. వాడు ఒకచోట అంచు తొక్కిపెడితే ఇంకోచోట లేస్తోంది.

“బావా, వచ్చేస్తున్నారు!”

వంతెన నెత్తిన మొదటి బండి కనిపించింది. ఎర్ర హెల్మెట్. ఆ హెల్మెట్ కొనిపెట్టింది నేనే. మూడేళ్ళుగా రెండో స్థానం దగ్గరే ఆగిపోతున్న మనిషి, ఇవాళ అందరికంటే ముందుంది.

రోడ్డు మధ్యకి పరుగెత్తాను. “ఆపవే! ఆపు! బ్రేకు వెయ్యి!” గొంతు చించుకున్నాను. కంచెల వెనక జనం అంతకు రెండింతలు అరుస్తున్నారు. అరిస్తే వినపడదని రెండు చేతులూ పైకెత్తి, నా బలం కొద్దీ ఊపాను.

చెల్లెలు నన్ను చూసింది. అంత దూరం నుంచి కూడా దాని పళ్ళు తెల్లగా కనిపించాయి. నవ్వుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది, నేను ఏం ఊపుతున్నానో. చేతులు దించేశాను. అప్పటికే అది తల దించేసింది.