వదిన పాట

అయినా ఆ జలపాతాన్ని తనే తవ్వించినట్టు చెప్తాడేమిటి మా అన్నయ్య, రెండు వందల అడుగులట, మూడు పాయలట, ఏడాదికి పట్టుమని వందమంది కూడా చూడరట, ఎలా చూస్తారు, పొద్దున్న బండి దిగిన దగ్గర్నుంచి నాలుగు గంటలుగా నడుస్తూనే ఉన్నాం, ఉత్తరానికి, ఇంకా ఉత్తరానికి, పొడుగాటి చెట్లు, నాచు, బురద, మళ్ళీ చెట్లు, ఎండాకాలమని పేరేగాని కొండ నీడల్లో మంచు ఇంకా కరగలేదు, బూటులోకి నీళ్ళు పోయి నా ఎడమకాలు నాది కాకుండా పోయింది, అందరికంటే ముందు దారి చూపే పెద్దావిడ, చేతిలో కర్ర, మనిషి లేడిలా పోతోంది, ఆమె వెనక వదిన, వదిన వెనక అన్నయ్య, చిట్టచివర నేను, నాకు దారంటే అన్నయ్య భుజం పక్కనించి కనపడే వదిన ఆకుపచ్చ సంచీ, ఐదు నెలలుగా ఆవిడ వీపే నాకు దర్శనం, ఏమే నడుస్తున్నావా పడ్డావా అని అన్నయ్య కేకేస్తాడు, ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడు, వెనక ప్రయాణికులున్నారో లేదో చూసుకోకపోతే తోచదు, నడుస్తున్నానులే అంటాను, మీ వదిన గుడ్డు తింటావేమో అడగమంటోంది అంటాడు, ఆవిడ నాకు పట్టుమని ఆరడుగుల దూరంలో లేదు, తింటానని చెప్పు అంటాను, తింటుందట అని అటు తిరిగి చెప్తాడు, ఉడికిన గుడ్డు వదిన చేతిలోంచి అన్నయ్య చేతికీ అక్కడ్నుంచి నా చేతికీ వస్తుంది, పైన ఉప్పు, కాస్త ఎక్కువే, మాట్లాడదు గాని నేను ఉప్పెక్కువ తింటానన్నది మాత్రం మర్చిపోదు, ఆ ఉప్పుకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే ఎవరైనా నమ్ముతారా.

ఆవిడ నాతో మాట మానేసింది నా నోటి దురద వల్ల, ఇంకేం లేదు, అదీ శబ్దం లేని నోటి దురద, మరమగ్గాల షెడ్డులో పదహారేళ్ళు పనిచేసినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని రోగం, ఐదువందల మగ్గాలు ఒక్కసారి కొడుతుంటే అక్కడ అరిచి లాభం లేదు, గొంతు ఇంట్లో పెట్టి వచ్చేవాళ్ళం, పెదాలు విప్పి విప్పి మాట్లాడితే అవతలివాళ్ళు చూసి తెలుసుకునేవాళ్ళు, అది నాకు నేర్పింది వదినే, అప్పటికింకా వదిన కాదు, నా ఎదురు మగ్గం మీది మనిషి, మూతి విప్పి చెప్పు, పళ్ళు నొప్పా అని మొదటి వారమంతా ఏడిపించింది, ఈవిడైతే మా అన్నయ్యని దారిలో పెడుతుందని సంబంధం మాట్లాడి ఇంటికి తెచ్చుకున్నది కూడా నేనే, నాలుగేళ్ళ కిందట మిల్లు మూతపడింది, ఆవిడ మందుల పెట్టెలు కట్టే చోట కుదిరింది, నేను పై వాటాలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతున్నాను, భోజనం మాత్రం కిందే, ముగ్గురం కలిసే, అలాంటిది అన్నయ్య రిటైరైన రోజున, హాలు నిండా బస్సు డ్రైవర్లు, వదిన నెలరోజులు మంగళవారం మంగళవారం ఒక టీచరు దగ్గరికి వెళ్ళి నేర్చుకున్న పాట మైకు పట్టుకుని ఎత్తుకుంది, నేను హాలు ఈ మూలనుంచి ఆ మూలనున్న మా పాత షెడ్డు స్నేహితురాలికి, పెదాలతోనే, మగ్గాలు మన చెవులు సగం తినేశాయని ఏడ్చాం గాని, ఇవాళ తెలిసిందే అదెంత ఉపకారమో అన్నాను, అది పకపకా నవ్వింది, నేనన్నది హాల్లో ఎవరికీ వినపడలేదు, ఎలా వినపడుతుంది, ఒక్క మనిషి మాత్రం నాకెదురుగా నిలబడి చూస్తోంది, గురువుకే పంగనామాలు పెట్టబోయి దొరికిపోయాను, చరణం మధ్యలో ఆపేసింది, మైకు బల్లమీద పెట్టి కూర్చుంది, పాపం పాట మర్చిపోయిందని అన్నయ్య చప్పట్లు కొట్టాడు.

ఆ రోజునుంచి నా భోజనం డబ్బాలో మెట్లెక్కి వస్తోంది, అన్నయ్యే తెస్తాడు, ఏం జరిగిందే అంటాడు, ఏం లేదంటాను, ఎన్నిసార్లు కిందికి దిగలేదు, ఎన్నిసార్లు వాకిట్లో నిలబడలేదు, నోరు తెరిస్తే ఊరికే అన్నాను వదినా అని వస్తుంది, ఊరికే అనడమే కదా ఆవిడ బాధంతా, ఆ నిశ్శబ్దమైన వంటింట్లో నా గొంతు నాకే అబద్ధంలా వినపడి వెనక్కి తిరిగేదాన్ని, ఇవాళ కూడా మాటలు కలవకపోతే ఇంక ఈ జన్మకి కలవవేమో అని రాత్రంతా బండిలో నిద్రపోలేదు, ఆవిడ ముందు సీట్లో, నేను వెనక సీట్లో, మధ్యలో రొట్టెల సంచీ.

ముందు అరికాళ్ళకి తెలిసింది, ఆ వణుకు నాకు తెలుసు, ఎక్కడో తెలుసు, పొద్దున్న షిఫ్టుకి గేటు దాటగానే నేల ఇలాగే వణికేది, తర్వాత ఛాతీకి తెలిసింది, చెట్లు అయిపోయాయి, అయిపోగానే కొండంతా తెల్లగా ఊడి కిందపడుతోంది, అన్నయ్య చెప్పింది నిజమే, మూడు పాయలు, ఆ ఒక్కసారికి క్షమించేశాను, అన్నయ్య నోరంతా తెరిచి ఏదో అరుస్తున్నాడు, దారి చూపే పెద్దావిడ చెవి దగ్గర చెయ్యిపెట్టి ఏమిటేమిటి అంటోంది, అన్నయ్య పై నుంచి కిందికి చేతులు ఊపి చూపిస్తున్నాడు, వర్షమా అనుకుని ఆమె గొడుగు తీసింది, నాకు నవ్వాగలేదు, ఇంత మోతలో నాలుగేళ్ళ తర్వాత నా ఇంటికి నేను వచ్చినట్టుంది, నా చెయ్యి దానంతటది లేచింది, రెండు వేళ్ళు, పోగు తెగింది ఇటు చూడు అనడానికి షెడ్డులో ఎత్తేవాళ్ళం, కంటి కొసన రెండు వేళ్ళు కనపడితే మెడ తిప్పకుండా ఉండటం మాలో ఎవరి తరమూ కాదు, వదిన తిరిగింది, తిరిగాక గాని తను తిరిగినట్టు ఆవిడకి తెలియలేదు.

తప్పు నాది అన్నాను, గొంతు లేకుండా, కనపడటం లేదు, మూతి విప్పి చెప్పు అంది, అందా, అంది, ఆ పెదాలు నా వైపే, తప్పు నాదే వదినా, నాకు కోపమొచ్చింది, షెడ్డులో పొద్దస్తమానం మగ్గం తాళానికి పాడేదానివి, నీ పెదాల మీద చూసి పదహారేళ్ళు విన్నాను, నాలో నీకొక గొంతు ఉంది, బంగారంలాంటి గొంతు, ఆ రోజు మైకులో వచ్చింది అది కాదు, ఎవరో దాన్ని ఎత్తుకుపోయినట్టనిపించింది, వదిన రెప్ప వెయ్యకుండా చూసి, నాకు మాత్రం తెలుసేమిటే అంది, మగ్గం లేకుండా నేనెప్పుడు పాడాను, టీచరు దగ్గరే కదా నేనూ నా గొంతు మొదటిసారి విన్నది, హడలిపోయాను, అందుకే నెలరోజులు పట్టింది, అలా అంటూనే నవ్వింది, నేనూ నవ్వాను, ఏమిటే ఏమంటోంది అని అన్నయ్య మా ఇద్దరి మధ్యా మెడ తిప్పుతున్నాడు, ఐదు నెలల తపాలా ఉద్యోగం ఒక్క క్షణంలో ఊడింది పాపం, ఐదు నెలలు పట్టిందా నీకు ఈ ముక్క చెప్పడానికి మొద్దుమొహమా అంది, పట్టింది అన్నాను, జలపాతానికి వీపు పెట్టి బండమీద కూర్చుంది, తుంపరకి తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది, కాలితో తాళం వేసింది, ఆ రోజు సగంలో ఆపిన చరణం దగ్గర్నుంచి ఎత్తుకుంది, గొంతు పూర్తిగా విప్పి, మెడ నరాలు పొంగేలా, ఒక్క ముక్క ఎవరికీ వినపడదు, అన్నయ్యకి వినపడదు, ఆవిడకే వినపడదు, నేను ఒక్క మాట పోకుండా వింటున్నాను, బాగుందా లేదా అన్న ఆలోచన రాలేదు, ఇన్నాళ్ళూ ఎలా తట్టలేదు నాకు, ఐదువందల మగ్గాల మధ్య ఇంకెవరికీ వినపడదని తెలిసి తెలిసి పదహారేళ్ళు మొహం ఇటే పెట్టి పాడిందంటే, వదిన పాడింది నాకు.