గుడ్డు బండికి విన్యెట్

ఒక్క తప్పు దొరికినా బండి వెనక్కి తిరుగుతుంది. షరతు అదీ.

షరతు పెట్టింది విశ్వతేజ. ఒప్పుకున్నది అతని భార్య అనూహ్య. సాక్షి అతని తల్లి ఛాయాదేవి. వేసవి గడపడానికి వరంగల్ నుంచి జర్మనీలోని పాడర్‌బోర్న్ వచ్చిన ఆవిడ, ఆ సమయంలో సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"మోటార్‌హోమ్‌ల ఇటలీ దాకా పోవుడు నాకు ఇష్టమే," అన్నాడు విశ్వతేజ, ఇష్టం లేదని అందరికీ తెలిసేలా. "ప్లాన్ నువ్వు చేస్తనంటున్నవ్. గదే భయం."

"ఫ్రాంక్‌ఫర్ట్ సంగతి ఎత్తకు."

"నేనెక్కడ ఎత్తిన?"

ఎత్తనక్కర్లేదు. కిందటేడు స్నేహితుల గృహప్రవేశానికి వెళ్తూ అనూహ్య బుక్ చేసిన హోటల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉంది. కాకపోతే అది పోలండ్ సరిహద్దు పక్కనున్న ఫ్రాంక్‌ఫర్ట్. జర్మనీలో ఆ పేరుతో రెండు ఊళ్లున్నాయని ఆ ఇంట్లో అందరికీ ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి ఆమె పాలు తెమ్మన్నా "ఏ ఊరి పాలు?" అని అడుగుతున్నాడు విశ్వతేజ. అనూహ్య చేసేది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఆ మాట తగిలినంతగా ఆమెకు ఇంకేదీ తగల్లేదు.

"ఆస్ట్రియా బార్డర్ దాటేలోపు ఒక్క తప్పు దొరికితే అక్కణ్నుంచే వెనక్కి. మంచి హోటల్ చూస్కుందాం. బఫే ఉంటది, స్విమ్మింగ్ పూల్ ఉంటది. నేను కాళ్లు చాపుకుంట."

"దొరక్కపోతే?"

"ఇగ ఎప్పటికీ ప్లానింగ్ నీదే. నేను నోరెత్త."

ఛాయాదేవి చిక్కుడుకాయను టప్పున విరిచింది. "నేను విన్న. ఇద్దరూ మాట తప్పొద్దు."

అనూహ్య ఆ రోజే రంగంలోకి దిగింది.

దేశానికో పద్ధతి. ఆస్ట్రియాలో పెద్ద రోడ్డెక్కాలంటే ముందే విన్యెట్ కొనాలి. పన్ను కట్టినట్టు గుర్తన్నమాట. బంకులో స్టిక్కర్ కొని అద్దానికి అంటించుకోవచ్చు, లేదా ఆన్‌లైన్‌లో బండి నంబరు మీద తీసుకోవచ్చు. రోడ్డు మీది కెమెరా ఆ నంబరు చూస్తుంది. కొండల్లో సొరంగాలకు వేరే టోల్. ఇటలీలో గేటు దగ్గర టికెట్ తీసుకుని, దిగేచోట డబ్బు కట్టాలి. క్యాంప్‌సైట్లలో మధ్యాహ్నం విశ్రాంతి పేరుతో గేటు దించేస్తారు. ఆ వేళకు ఎక్కడా చేరకుండా దూరాలు విడగొట్టింది. లోపలే మంచాలు, వంటిల్లు ఉండే ఆ బండ్లలో, అత్తగారి మంచానికి నిచ్చెన ఎక్కే పని లేనిది అద్దెకు చూసింది. నీడ ఉన్న స్థలాలు అడిగి మరీ బుక్ చేసింది.

మిగిలింది విన్యెట్.

తండ్రీ కూతుళ్లు బండి చూడటానికి యజమాని ఇంటికి వెళ్లారు. అనూహ్య ఇంట్లో లాప్‌టాప్ తెరిచి, ఎనిమిదేళ్ల శ్రీవల్లికి ఫోన్ చేసింది.

"నంబర్ చదువు బంగారం. అంకెలు మాత్రం జర్మన్‌ల వద్దు."

జర్మన్లు ఇరవై ఐదును ఐదూ ఇరవై అంటారు. ఆ గోతిలో ఆమె ఇదివరకే పడింది.

"ఓకే. పే, బే."

పాడర్‌బోర్న్ బండ్లన్నీ పీ, బీ. కొట్టింది.

"ఏ, ఈ."

ఏ, ఈ. కొట్టింది.

"టూ, ఫైవ్, సెవెన్."

"ఇంకోసారి."

శ్రీవల్లి మళ్లీ చదివింది. తేడా లేదు. అనూహ్య బటన్ నొక్కింది.

"అమ్మా, ఈ బండి పేరు గుడ్డు."

"తెల్లగున్నదా?"

"తెల్లగ కూడా ఉన్నది," అంది శ్రీవల్లి.

ఆ 'కూడా' దగ్గర అనూహ్య ఆగి ఉండాల్సింది.

* * *

బయల్దేరిన రోజు ఏ గేటూ మూసి లేదు. "కోడిగుడ్డు ముట్టనిదాన్ని గుడ్డుల కూసోబెట్టి ఇటలీ తీస్కపోతున్రు," అంది ఛాయాదేవి, కిటికీ పక్క చోటు ఎవరికీ ఇవ్వకుండా. వుర్ట్స్‌బుర్గ్ దాటేసరికి విశ్వతేజ ఈల వేస్తున్నాడు. బవేరియాలోని క్యాంప్‌సైట్‌లో పైపు పట్టుకుని నీళ్ల ట్యాంకు తనే నింపాడు. పక్క బండి ముసలాయనకు ఎలా నింపాలో చెప్పబోయాడు కూడా. సాయంత్రం పైన్ చెట్ల కింద మడత కుర్చీల్లో టీ తాగుతుంటే ఛాయాదేవి ఎవరూ అడక్కుండానే పాట ఎత్తుకుంది.

మర్నాడు పొద్దున, సరిహద్దుకు ముందు చివరి బంకు దగ్గర ఆగారు. టైర్లలో గాలి చూసొస్తానని విశ్వతేజ దిగిపోయాడు. అనూహ్య కాళ్లు సాగదీసుకుంటూ బండి ముందుకు వచ్చింది.

శ్రీవల్లి బంపర్ దుమ్ములో వేలితో గుడ్డు బొమ్మ గీస్తోంది. దాని నుంచి నంబర్ ప్లేటు మీదికి ఒక బాణం.

"ఎందుకే ఆ బాణం?"

"ఇక్కడ రాసున్నది గద, గుడ్డు అని."

అనూహ్య చూసింది. PB EI 257.

జర్మన్‌లో Ei అంటే గుడ్డు.

"నాకు ఫోన్‌ల ఏ, ఈ అని చెప్పినవ్ గదా?"

"అవును." శ్రీవల్లి E మీద వేలు పెట్టి "ఏ" అంది. I మీద పెట్టి "ఈ" అంది. జర్మన్ బళ్లో నేర్పినట్టే చదివింది. "అంకెలే జర్మన్‌ల వద్దన్నవ్. అక్షరాల గురించి ఏమన్లే."

అనూహ్య ఆ రెంటినీ ఇంగ్లిష్ అక్షరాలనుకుని కొట్టింది. ఆమె కొన్న విన్యెట్ PB AE 257కి. ఎదురుగా ఉన్న బండికి ఏమీ లేదు. ఇంకాసేపట్లో ఆస్ట్రియా కెమెరా. ఈలోపు విశ్వతేజకు తెలిస్తే ఇటలీ లేదు, ఇక జన్మంతా రెండు ఫ్రాంక్‌ఫర్ట్‌లతో పాటు ఒక గుడ్డు.

"నాన్నకి చెప్పకు. సీక్రెట్."

శ్రీవల్లి ఎందుకో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎక్కడికే?" అంది కిటికీలోంచి ఛాయాదేవి.

"వాష్‌రూమ్‌కి, అత్తమ్మా."

బంకు దుకాణంలో రెండు కౌంటర్లున్నాయి. అనూహ్య రెండోదాని దగ్గరికి తల వంచుకుని వెళ్లింది. విన్యెట్ స్టిక్కర్ అడిగింది, తీసుకుంది, జేబులో పెట్టుకోబోతూ తిరిగింది.

మొదటి కౌంటర్ దగ్గర విశ్వతేజ. అతని చేతిలోనూ విన్యెట్.

"టైర్లల్ల గాలి అంటివి?"

"నువ్వేంది ఇక్కడ?"

ఇద్దరూ ఒకరి చేతిలోది ఒకరు చూసుకున్నారు. అనూహ్యే ముందు అడిగింది. "ఎప్పుడు తెల్సింది?"

"నిన్ననే. దారి పొడుగునా పొట్టిది ప్లేట్లు చదువుకుంట వచ్చింది గద. అది 'ఈ' అన్నప్పుడల్లా అక్కడ ఐ ఉంటున్నది. అనుమానమొచ్చి నీ కన్ఫర్మేషన్ తీసి చూసిన. నీకు చెప్పొద్దని దానికి చెప్పిన."

"మరి గెల్చినవ్ గద. హోటల్, బఫే. చెప్పకుండ దాచుడెందుకు?"

విశ్వతేజ స్టిక్కర్‌ను అటూ ఇటూ తిప్పాడు. "నిన్న అమ్మ పాట పాడింది. ఏ హోటల్‌లన్న పాడిందా? అదీగాక నీళ్లు నింపుడు నాకు మంచిగొచ్చింది," అన్నాడు.

"అయితే షరతు?"

"తప్పు దొరికితే అన్న. నేను దొరకనియ్యలే."

అనూహ్యకు నవ్వు ఆగలేదు. కౌంటర్ వెనకావిడకు ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వింది.

బండి దగ్గర ఛాయాదేవి తలుపు తెరిచి మెట్టు మీద కూర్చుని ఉంది, పక్కన శ్రీవల్లి. ఇద్దరి చేతుల్లోకి చూసింది.

"నాకు నిన్ననే చెప్పింది మనవరాలు," అంది. "ఇంత చిన్నపిల్లతోని ఎన్ని సీక్రెట్లు మోయిస్తరు మీరు? ఒకరు తప్పు దాచిన్రు, ఒకరు గెలుపు దాచిన్రు. ఇద్దరూ మాట తప్పిన్రు. ఇగ నేను చెప్పినట్టు నడుస్తది."

"చెప్పమ్మా," అన్నాడు విశ్వతేజ.

"బండి ముందుకే పోతది. సముద్రం కనపడేదాక ఆగొద్దు. ప్లాన్ కోడలిదే, ఎప్పటికీ. నంబర్లు మాత్రం ఎవరూ నోటితోని చదవొద్దు. ఫొటో తీసి పంపుకోవాలె."

ఒక స్టిక్కర్ అద్దానికి ఎక్కింది. రెండోదాన్ని శ్రీవల్లి నానమ్మ చేతిసంచికి అంటించింది. ఆవిడ ఆ సంచిని కిటికీకి ఆనించి, కెమెరాకు కనపడేలా పట్టుకుని కూర్చుంది. గుడ్డు సరిహద్దు దాటింది.